చావడం ఎలాగో చెప్పిన పెద్దమనిషి

మళ్లీ వచ్చింది ఆ ఫార్వర్డు. ఉదయించే సూర్యుడు, ముందు కత్తి దూసిన ఓ నీడ బొమ్మ, కింద ‘సమురాయ్ ఏడు సూత్రాలు’, అంటే పాతకాలపు జపాన్ యోధుల నీతులన్నమాట. ఆఫీసు గ్రూపులో పెట్టింది మేనేజరు గారు, అదీ అప్రైజల్ వారంలో. ‘విధేయత’ ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉండటం కాకతాళీయమే అయ్యుంటుంది.

ఈ సూత్రాలను ప్రపంచానికి పంచిపెట్టింది 1900 ప్రాంతంలో అమెరికాలో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకం. రాసిన నితోబె ఇనాజో క్రైస్తవుడు, వ్యవసాయ శాస్త్రం చదువుకున్నవాడు. పోనీలెండి. అసలు సిసలు సమురాయ్‌నే దర్శించుకుందాం.

యోధుడి మార్గమంటే చావే అని ‘హగాకురే’ అనే పుస్తకంలో సెలవిచ్చిన యామమోతో త్సునెతోమో గారు 1659లో పుట్టారు. ఆ కాలపు చివరి పెద్ద పోరు, షిమబారా తిరుగుబాటు, అణగిపోయి అప్పటికే ఇరవై ఏళ్లు. ఇక యుద్ధాలెక్కడివి? సాగా అనే ప్రాంతపు ప్రభువు కొలువులో ఉద్యోగం. ప్రభువుకి కవిత్వమంటే ప్రాణం కాబట్టి క్యోటో వెళ్లి కవిత్వ గ్రంథాలు పట్టుకురావడమే వీరి దండయాత్ర. 1700లో ప్రభువు పోయాడు. వెంటే పోదామని వీరికీ ఉంది. ఏం లాభం, అనుమరణం మీద నిషేధం! రూలు రూలే. గుండు చేయించుకుని కొండ పక్క కుటీరంలో స్థిరపడ్డారు. ఒకాయన వచ్చి కూర్చుని రాసుకుంటుంటే ఏళ్ల తరబడి చెబుతూ పోయారు; అదే ‘హగాకురే’. బాణాలు దిగి, కత్తులకు తెగి, మంటల్లో పడి చచ్చినట్టు రోజూ ఊహించుకోవాలి. నలుగురిలో ఆవలింత ఎలా ఆపుకోవాలో కూడా ఉంది. రాత్రి తాగింది దిగక మొహం పాలిపోతే పూసుకోవడానికి చొక్కా చేతిలో కాస్త ఎర్రపొడి దాచుకోవాలట. ఇంత చెప్పి 1719 దాకా శుభ్రంగా బతికారు.

ఇంతటితో ఆగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. 1941 జనవరిలో జపాన్ యుద్ధ మంత్రి తోజో పేరుతో సైనికులకు నియమావళి వచ్చింది: ప్రాణాలతో శత్రువుకి చిక్కి అవమానం పాలు కావద్దని. 1944లో జపాన్ ఏలుబడిలోని సైపాన్ దీవి మీదికి అమెరికా సేనలు వచ్చినప్పుడు అక్కడి జపాన్ ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కొండ అంచుల మీంచి సముద్రంలోకి దూకారు. వాళ్లేం కత్తులు కట్టిన వంశాలు కాదు. బతుకుతెరువు కోసం చెరకు తోటలకి వచ్చినవాళ్లు. మరి తోజో? 1945 సెప్టెంబరులో అమెరికన్లు అరెస్టుకి వచ్చాక తుపాకీతో కాల్చుకున్నాడు. గుండు గుండెకి తగల్లేదు. శత్రువు డాక్టర్లే రక్తం ఎక్కించి బతికిస్తే, 1948లో ఉరి తీసేదాకా మూడేళ్లు అదే శత్రువు చెరలో తిన్నాడు, పడుకున్నాడు, కోర్టులో వాదించుకున్నాడు. ఏరా, ఆ నియమావళి నీకు కాదా? చెరకు కూలీల పిల్లలకేనా?