క్వారంటైన్‌లో కంచు పళ్లెం

ప్రభుత్వాలు కరోనాను ఎలా ఎదుర్కొన్నాయని అడిగితే పెద్దలు చెప్పే జవాబులు ఎన్నైనా ఉండవచ్చు. విశాఖ చినవాల్తేరులోని మా ఇంట్లో మాత్రం ఆ లెక్కంతా ఒక కంచు పళ్లెం మీదనే తేలింది.

మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లా. కంచు, ఇత్తడి సామానుకు పేరుపడ్డ బుడితి అక్కడిదే. పెళ్లిలో సారెతో వచ్చిన బుడితి పళ్లేన్ని ఆవిడ ఇంకొకరి చేతికి ఇవ్వరు. అందులో ఎవరూ భోజనం చేయగా నేను చూడలేదు. పండగనాడు దించి, చింతపండుతో తోమి, దేవుడి ముందు పెట్టి, సాయంత్రానికి పాత చీరముక్కలో చుట్టి మళ్లీ అటక ఎక్కించడమే దానితో ఉన్న పని.

మామగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఏ పార్టీ మీదా ప్రేమ లేదు, ఉన్న ప్రేమంతా సర్క్యులర్ల మీదనే. పైనుంచి ఉత్తర్వు వచ్చిందంటే అందులో ఏదో అర్థం ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. అత్తగారు ఏ ప్రభుత్వ ప్రకటన విన్నా ముందుగా తన వంటింటి వైపు చూసుకుంటారు.

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ. ఆ వారమే విశాఖలో తొలి కేసు బయటపడింది. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా గడప దాటవద్దని, సాయంత్రం 5 గంటలకు వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా చప్పట్లు కొట్టాలని, పళ్లాలు మోగించాలని ప్రధాని పిలుపునిచ్చారు. ఆ చప్పుడుకు వైరస్ చచ్చిపోతుందని ఎవరో మహానుభావుడు వాట్సాప్‌లో వదిలితే, అదేమీ లేదని ప్రభుత్వమే చెప్పుకోవలసి వచ్చింది. మామగారు మాత్రం రెండు సందేశాలనూ అందరికీ పంపారు.

నాలుగున్నరకే ఆయన అటక మీది పళ్లేన్ని దింపేశారు.

"స్టీలు పళ్లాలు బోలెడున్నాయి కదండీ!" అని అత్తగారు అడ్డుపడ్డారు.

"దేశం కోసం స్టీలా?" అన్నారు మామగారు.

ఐదు గంటలకు వీధి వీధంతా మోగిపోయింది. ఎదురింటివారు శంఖం ఊదారు. పక్క మేడ మీద ఎవరో కుక్కర్ మూతతో బయలుదేరారు. వీటన్నిటినీ మించి మా కంచు ఖంగుమంది. అప్పడాల కర్రతో ఒక్కో దెబ్బ వేస్తుంటే మామగారి ముఖంలో కనిపించిన తృప్తి, రిటైర్మెంటు రోజున శాలువా కప్పినప్పుడు కూడా నేను చూడలేదు. ఎదురుగా జనం చూస్తున్నారని ఆయన పళ్లేన్ని బాల్కనీ గోడ దాటించి, ఎత్తి పట్టుకుని మరీ కొట్టారు. చేతికి చెమట పట్టింది. పళ్లెం జారి, కింది సన్‌షేడ్ మీద పడి, ఒక గెంతు గెంతి రెండో అంతస్తు వాళ్ల బాల్కనీలోకి దూకింది. ఆ మోతకు వీధంతా ఒక్క క్షణం చేతులాపి, తరవాత మరింత ఉత్సాహంగా అందుకుంది.

ఎవరింట్లో పడినా ఇబ్బంది లేకపోయేది. కానీ రెండో అంతస్తు అబ్బాయి అంతకు కొద్ది రోజుల ముందే అమెరికా నుంచి దిగాడు. ఆ గుమ్మానికి హోమ్ క్వారంటైన్ కాగితం అంటించి ఉంది. పద్నాలుగు రోజులు ఎవరూ రాకూడదు, పోకూడదు. పళ్లేనికీ అదే నిబంధన అని మామగారు ప్రకటించారు. తన చేతిలోంచే జారినా, ఆయన నిబంధనను సడలించలేదు.

ఆ మంగళవారం రాత్రి దేశమంతటికీ 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. మరునాడు సర్వే చేయడానికి వార్డు వాలంటీరు వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"మామ్మగారూ, మీ ఇంట్లోకి ఈమధ్య విదేశాల నుంచి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదమ్మా. మా పళ్లెమే కిందికి వెళ్లింది. రాసుకో."

పాపం ఆ అమ్మాయి ఫోనంతా వెతికింది. అందులో పళ్లేనికి గడి లేదు.

ఇంతలో మామగారు పత్రికలో ఒక పరిశోధన సంగతి చదివారు. ఈ వైరస్ స్టీలు మీద రెండు మూడు రోజులు బతుకుతుందట, రాగి మీద మాత్రం నాలుగు గంటలేనట. వెంటనే అత్తగారిని పిలిచారు. "చూశావా, కంచు అంటే రాగే కదా! స్టీలు వద్దని నేను ఊరికే అన్నానా?"

"కంచులో తగరం కూడా ఉంటుంది. తగరం మీద ఎన్నాళ్లు?"

మామగారు పత్రికను మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేశారు. తగరం ఊసు లేదు. ఆ పూట ఆయన భోజనాల దగ్గర కూడా మాట్లాడలేదు.

గడువు తీరాక పళ్లెం మా కూరగాయల బుట్టలోనే పైకి వచ్చింది. బుట్టకు తాడు కట్టి మావారు లాగుతుంటే, కింది బాల్కనీ నుంచి ఆ ఇల్లాలు నవ్వుతూ "పిన్నిగారూ, మీకేమీ భయం అక్కరలేదు. రాత్రంతా బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాను" అంది.

ఆవిడను మాత్రం ఏమనగలం? పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ అని మార్చి నెలలో సాక్షాత్తూ ముఖ్యమంత్రే విలేకరుల ముందు చెప్పారు. దాని మీద ఊరంతా జోకులు వేసుకుంది. ఊరంతా బ్లీచింగ్ పౌడర్ కొనుక్కుంది కూడా.

బుట్టలోంచి తీసి చూస్తే, బంగారంలా ఉండాల్సిన పళ్లెం నల్లగా మచ్చలు తేలి ఉంది. అంచు దగ్గర ఒక సొట్ట. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ప్రశాంతంగా అన్నారు: "కొట్టమన్నది ఢిల్లీ, కడగమన్నది అమరావతి. పోయింది నా పళ్లెం."

"ఇంకా అమరావతి ఏమిటి? రాజధాని మన విశాఖకే వస్తోందిగా" అని మామగారు మాట మార్చబోయారు.

"అయితే రమ్మనండి. వచ్చి చింతపండుతో తోమమనండి."

ఆ చింతపండు తేవడం మామగారికే పడింది. సరుకులకు బయటికి వెళ్లడానికి ఉదయం కొద్ది గంటలే అనుమతి. ఆయన మాస్కు కట్టుకుని, ముగ్గుతో గీసిన గడుల్లో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లి అర కిలో తెచ్చారు. మచ్చలు సగం పోయాయి. సొట్ట పోలేదు.

ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాల పాటు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నప్పుడు అత్తగారు ముందే జాగ్రత్తపడ్డారు. వెండి కుందులు బీరువాలోకి, తాళాలు బొడ్లోకి వెళ్లిపోయాయి. మామగారి చేతికి ఒక మట్టి ప్రమిద వచ్చింది. లైట్లు మాత్రం ఆర్పమంటే ఆయన మెయిన్ స్విచ్చే కట్టేసి, మావారి ఆఫీసు మీటింగును మధ్యలో ఆపేశారు. అదో వేరే గొడవ.

లాక్‌డౌన్ ఒకసారి పొడిగించారు, మళ్లీ పొడిగించారు. టీవీలో ఎవరైనా జాతినుద్దేశించి మాట్లాడతారని తెలిస్తే చాలు, వంటింట్లో గిన్నెలు సర్దిన చప్పుడు వినిపించేది.

మే 3న కరోనా యోధులకు వందనంగా నౌకాదళం తన ఓడలకు దీపాలు వెలిగిస్తుందని తెలిసి, చీకటి పడ్డాక అందరం మేడ ఎక్కాం. సముద్రం మీద ఓడలు వరసగా మెరిసిపోతున్నాయి. మామగారు చేతులు కట్టుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు. అత్తగారు కొంగు సర్దుకుంటూ చాలాసేపు చూశారు.

"ఇది బాగుంది" అన్నారు చివరికి. "ఈసారి వాళ్ల సామాను వాళ్లే తెచ్చుకున్నారు."