పాలపిట్టకు క్యూఆర్ కోడ్

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున సుభాషితాలు, మధ్యాహ్నం నీళ్ల ట్యాంకర్ గొడవ, సాయంత్రం ప్రపంచ విజ్ఞానం. మొన్నటి విజ్ఞానం వేట చట్టాల మీద. "తెల్లోళ్ల తిక్క చూడండి" అని పైన ఒక ముక్క, కింద విచిత్ర చట్టాల చిట్టా, ఆ కింద కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్న పసుపు మొహాలు. పంపినది బీ బ్లాకు పెద్దాయన. రిటైరయ్యారు, అందుకే క్షణం తీరిక ఉండదు.

చిట్టాలో సగం కట్టుకథలే. అబద్ధం పంపినందుకు నాకు కోపం లేదు. నిజాలు ఇంతకంటే రుచిగా ఉండగా ఈ చప్పిడి అబద్ధాలు ఎందుకని కోపం.

అమెరికాలో వెర్మాంట్ అని ఒక రాష్ట్రం. అక్కడ మార్చి 25 నుంచి మే 25 వరకు కొన్ని రకాల చేపల్ని తుపాకీతో కాల్చుకోవచ్చు. మే 26 తెల్లవారితే అదే చేప, అదే తుపాకీ, కానీ కేసు. ఆ దేశంలో కాకుల వేటకూ సీజనుంది, ఏ రాష్ట్రమైనా ఏడాదికి 124 రోజులు మించి పెట్టకూడదు. పిండం పెట్టి, కాకి రాక, డాబా మీద మిట్టమధ్యాహ్నం దాకా బతిమాలుకునే మనవాళ్లకి ఈ సంగతి చెప్పకండి. కాలిఫోర్నియాలో కప్పల గెంతుడు పోటీలు జరుగుతాయి. పోటీలో కప్ప ప్రాణం పోతే దాన్ని తినకూడదని చట్టం. పందెంలో పడ్డ పుంజుతో పులుసు కాచుకునే గోదావరి జిల్లాల వాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంటారు.

ఇంగ్లండువాళ్లు 2004లో కుక్కలతో వేటను నిషేధిస్తూ కొన్ని మినహాయింపులు ఇచ్చారు. ఆ మినహాయింపుల్లో ఎలుక ఉంది, చిట్టెలుక లేదు. పొలం యజమాని సరేనంటే పెద్దదాన్ని తరమొచ్చు, చిన్నదాన్ని తరిమితే నేరం. అక్కడి కుక్కలు ఎల్‌ఎల్‌బీ చేశాయో, చిట్టెలుకే ఆగి ఆధార్ కార్డు చూపిస్తుందో మరి.

నాకు బాగా నచ్చింది మాత్రం మన పొరుగున ఉన్న నేపాల్. 1950ల్లో యతి అనే మంచుమనిషిని వెతుక్కుంటూ హిమాలయాలెక్కే బృందాలకు అక్కడి ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. ఖాట్మండులోని అమెరికా రాయబార కార్యాలయం 1959లో వాటిని రాసి స్వదేశానికి పంపింది కూడా. అనుమతికి ఐదు వేల భారతీయ రూపాయలు. యతిని ఫొటో తీయొచ్చు, ప్రాణాలతో పట్టుకోవచ్చు, చంపకూడదు. అది మీదపడితే వేరే సంగతి. తీసిన ఫొటోలు ప్రభుత్వానికి అప్పగించాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ యతిలాంటి తన బిగ్‌ఫుట్‌కు ఇంకా గట్టి బందోబస్తు చేసింది. చంపితే ఐదేళ్ల దాకా జైలు, పది వేల డాలర్ల దాకా జరిమానా అంది. ఆ శాసనం 1969 ఏప్రిల్ 1న చేశారు. తేదీ చూసి తేలిగ్గా తీసుకోకండి, 1984లో కూర్చుని శిక్ష తగ్గిస్తూ సవరణ కూడా చేశారు.

ఉందో లేదో తెలియని జంతువుకు అంత మర్యాద. కళ్లెదుట తిరిగే జంతువుకు మన దగ్గరేముంది?

2016లో కేంద్రం సిమ్లా కోతుల్ని హానికర జంతువులుగా ప్రకటించింది. మున్సిపల్ హద్దుల లోపల మాత్రమే, అదీ ఆరు నెలలకు. హద్దు లోపల దొరికితే చంపొచ్చు, హద్దు దాటితే చట్టం కాపాడుతుంది. కోతులకు వార్డు మ్యాపు ఎవరు పంచారో చెప్పలేదు. కేరళలో 2022 నుంచి పంటల మీద పడే అడవిపందిని కాల్పించే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకు ఉంది. కాల్చిన పందిని తినకూడదు, పూడ్చాలి. పొలమంతా మేసి బలిసిన పందికి ఆ పొలం రైతు దగ్గరుండి అంత్యక్రియలు చూసుకోవాలన్నమాట. కప్ప చట్టానికి నవ్విన పసుపు మొహాలు ఇక్కడెందుకు నవ్వవో నాకు తెలియదు.

అయితే మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒక చోట నేను టోపీ తీస్తాను. దాని ప్రకారం వేటంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పక్షి గుడ్లను, గూటిని కదిలించినా వేటే. ఎంత శ్రద్ధగా రాశారో!

ఇప్పుడు మా గేటు దగ్గరికి రండి. కిందటి దసరా. ఒక స్కూటీ ఆగింది. వెనక సీటు మీద పంజరం, పంజరంలో తెలంగాణ రాష్ట్ర పక్షి, హ్యాండిల్‌కి క్యూఆర్ కోడ్.

"పాలపిట్టను సూడుండ్రి సారూ, శుభం గలుగుతది. మనిషికి యాభై, ఫ్యామిలీకి నూరు."

ఫ్యామిలీ ప్యాకేజీ అనగానే బ్లాకులన్నీ ఖాళీ అయ్యాయి. లిఫ్టుల దగ్గర పట్టుచీరల తోపులాట. వాచ్‌మన్ వరస కట్టించాడు. వరసలో మొదట బీ బ్లాకు పెద్దాయన, జరీ అంచు పంచెలో, మనవడి చెయ్యి పట్టుకుని.

"దండం పెట్టుకో నాన్నా."

"తాతయ్యా, బుక్కులో బ్లూగా ఉంది. ఇదేంటి మట్టి రంగుంది?"

పిల్లవాడికి ఉన్న చూపు పెద్దలకు లేదు. పాలపిట్ట కూర్చున్నప్పుడు ఛాతీ అంతా గోధుమరంగే. కళ్లు చెదిరే ఆ నీలం రెక్కలు విప్పి ఎగిరినప్పుడు కనబడుతుంది. దసరానాడు ఊరవతలికి పోయి చేలల్లో వెతుక్కునేది ఆ ఎగిరే నీలాన్ని. ఈ పిట్ట రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి.

"కాస్త రెక్కలు విప్పి చూపించవయ్యా."

"ఇప్పితే లేసిపోతది గద సారూ."

పెద్దాయన ఆలోచించి కోడలి వైపు తిరిగారు. "అయితే ఫ్లాష్ వేసి తియ్యమ్మా, అదే వస్తుంది బ్లూ."

ఫ్లాష్ వేశారు. నాలుగు వైపుల నుంచీ వేశారు. పిట్ట కదల్లేదు. "ఎంత శాంతంగా ఉందో, అమ్మవారి అంశ" అంది వెనక నుంచి ఎవరో. తిండి లేక, బెదిరి, సొమ్మసిల్లిన పిట్టకు మా అపార్ట్‌మెంట్లో దైవత్వం కూడా దక్కింది. స్కూటీ ముందు పెట్టిన డబ్బా "వంద రూపాయలు అందాయి" అని ఆగకుండా అరుస్తోంది. మూడేళ్ల దాకా జైలు పడగల నేరం, సీసీ కెమెరా సాక్షిగా, డిజిటల్ రసీదుతో. అటవీశాఖకు ఫోన్ చేస్తానంటే "పండగపూట ఎందుకండీ, పాపం పేదవాడు" అన్నారు పెద్దాయన. ఆ పేదవాడి దగ్గర నూరుకు ఎనభై చేసుకోమని బేరమాడింది కూడా ఆయనే. తర్వాత అందరూ జమ్మి ఆకులు పంచుకుని కౌగిలించుకున్నారు. స్కూటీ పక్క గేటెడ్ కమ్యూనిటీకి సాగింది.

దసరా ముందు అటవీ సిబ్బంది, జంతుప్రేమికులు నగరంలో తిరిగి ఇలాంటి పంజరాలు పట్టుకుంటారు. మంచిపని. పట్టుబడేది మాత్రం ఎప్పుడూ స్కూటీవాడే, స్కాన్ చేసినవాడి పేరు నేనెక్కడా చదవలేదు. పోనీ, ఇద్దర్నీ వదిలేయండి. ఈ ఊళ్లో అంతకంటే ఘనమైన వేట జరిగింది.

2025 మార్చి 30, ఉగాది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఉగాది, రంజాన్, వరస సెలవులు. రాత్రిళ్లు కూడా లైట్లు పెట్టుకుని చెట్లు కూల్చారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి సుమారు వంద ఎకరాలు బోడిగుండు. అక్కడ జింకలు, నెమళ్లు ఉన్నాయని కోర్టుకు నివేదిక వెళ్లింది. ఆ క్యాంపస్‌లో గుర్తించిన పక్షి జాతులు రెండు వందలకు పైనే, వాటిలో పాలపిట్ట ఒకటి. "అది అడవి కాదు, ప్రభుత్వ భూమి" అన్నారు సర్కారువాళ్లు. భూమి ఎవరిదైనా కానివ్వండి, జింకను యంత్రంతో తరిమితే అది తరమడం కాదా? గూడున్న చెట్టును వేళ్లతో పెకిలిస్తే గూడు కదలలేదా? పంజరం ముందు అంత గట్టిగా చదివిన చట్టం జేసీబీ ముందు ఎందుకు గొంతు పెగల్లేదు?

పోలీసు నోటీసులు వెళ్లాయి, కాదనను. ఏఐతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలు పంచుకున్నారని కొందరికి వెళ్లాయి. బొమ్మలో జింకను పరుగెత్తించినవాడు ముద్దాయి. నేల మీద జింకను పరుగెత్తించినవాడు కాంట్రాక్టరు.

వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. ఇప్పటికీ అక్కడ కృష్ణజింకలు మేస్తున్నాయి. జింకను కాల్చుకోవాలనుకున్న రాజు కూడా జింకకు నేల మిగిల్చాడు. వేట మహాపాపమని రాసుకున్న మనం ఆ నేలను ప్లాట్లకు కొలుస్తున్నాం.

పాలపిట్ట చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది, అదీ వేసవిలోనే. ఆ వంద ఎకరాల్లో రంపం పెట్టే ముందు ఎన్ని తొర్రలున్నాయో ఏ అధికారైనా తలెత్తి చూశాడా? చూడలేదని నాకు తెలుసు, మీకూ తెలుసు. అయినా సర్కారు కాగితాల మీద అది రాష్ట్రపక్షట. సిగ్గుండాలి.