పొగ కాదండీ, సత్యవాయువు

నాకు తెలిసినాయన ఒకరు ఈమధ్య ఒక ముసలాయన మెట్ల మీద జారిపడి లేవలేకపోతుంటే పావుగంట నిలబడి చూశాడట. ఆ సంగతి ఆయనే చెప్పాడు, పాసైన సర్టిఫికెట్ చూపిస్తున్నట్టు. "ఇరవై మందిమి ఉన్నామండీ. చుట్టూ జనం ఎక్కువైతే ఎవరూ కదలరు, దాన్నే బైస్టాండర్ ఎఫెక్ట్ అంటారు. సైకాలజీలో ప్రూవ్ అయింది. మన చేతుల్లో ఏమీ ఉండదు."

పూర్వం ఇలాంటివాళ్ళు కనీసం "నేను చూళ్ళేదండీ" అని అబద్ధమాడేవాళ్ళు. దానికీ కాస్త సిగ్గు ఉండాలి. సైన్సొచ్చి ఆ శ్రమ కూడా తప్పించింది.

సైన్సును గౌరవించాల్సిందే. 1968లో బిబ్ లాటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు కొందరు విద్యార్థుల్ని గదిలో కూర్చోబెట్టి, ఫారాలు నింపమని, గోడ సందులోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్ళలో నూటికి 75 మంది బయటికెళ్ళి చెప్పారు. తర్వాత, పొగను చూసినా భుజాలెగరేసి రాసుకుంటూ పోయే ఇద్దరు అద్దె మనుషుల పక్కన ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టారు. అలా కూర్చున్న పదిమందిలో వెళ్ళి చెప్పింది ఒక్కడు.

నాకు ఆ తొమ్మిది మందే ముద్దొస్తారు. దగ్గారు. కళ్ళు నులుముకున్నారు. పొగను చేత్తో విసురుకున్నారు. కిటికీ తెరిచారు. ఫారం మాత్రం వదల్లేదు! ఆరు నిమిషాలకు ఎదురుగా ఏముందో కనపడనంత పొగ. ఇంత ఊపిరాడకపోయినా "అయ్యా, ఇది మంటేమో" అన్న ముక్క నోట్లోంచి రాలేదు. పక్కవాడు నవ్వుతాడేమోనని. ఈ ప్రయోగంలో నోరు విప్పనివాళ్ళని తర్వాత అడిగితే ఆవిరి అనుకున్నామన్నారు, ఏసీ లోంచి వచ్చిందనుకున్నామన్నారు. ఇద్దరు మాత్రం (కాస్త కూర్చుని చదవండి) అది సత్యవాయువు అన్నారు. అంటే ఫారంలో నిజాలే రాయించడానికి గదిలోకి వదిలిన గ్యాసన్నమాట! కొంప తగలబడుతోందని ఒప్పుకోవడం కంటే, తమ నిజాయితీ కోసం ఎవరో గ్యాసు తయారుచేశారని నమ్మడం వాళ్ళకు తేలికైంది.

మా వాడికి నోటికొచ్చిన ఇంకో ముక్క 1964 నాటి న్యూయార్క్ హత్య. కిటీ జెనోవీస్‌ను పొడుస్తుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారన్న కథ. దాన్ని అచ్చేసిన పత్రికే 2016లో అందులో తప్పులున్నాయని ఒప్పుకుంది. పక్కింటావిడ ఒకరు పరుగున కిందికి దిగి, ప్రాణం పోతున్న ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ మా వాడికి ఎన్నడూ గుర్తుకు రాదు. 38 మాత్రం లెక్క తప్పదు.

మూడు దేశాల నగరాల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 కొట్లాటలు చూసి 2019లో పరిశోధకులు తేల్చిందేమిటంటే, పదింట తొమ్మిదిసార్లు కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. జనం పెరిగినకొద్దీ ఎవరో ఒకరు కదిలే అవకాశమూ పెరిగింది.

ఇంకోటి. అదే డార్లీ, లాటానే మరో ప్రయోగంలో, అవతలి గదిలో ఒకడికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించారు. వింటున్నది తానొక్కణ్ణే అనుకున్నవాళ్ళలో నూటికి 85 మంది సాయానికి కదిలారు. మరో నలుగురు వింటున్నారనుకుంటే 31 మందే. కదలనివాళ్ళ చేతులు వణికాయి, అరచేతులు చెమటపట్టాయి, "అతను బాగానే ఉన్నాడా?" అని అడిగారు. వాళ్ళ కోసం పుట్టిన సిద్ధాంతమయ్యా ఇది! లోపల కొట్టుకుంటూ కాళ్ళాడని మనుషుల కోసం. చేతులు కట్టుకుని, పడ్డవాణ్ణి చూస్తూ, ఇంటికెళ్ళి చెప్పాల్సిన ఇంగ్లీషు ముక్క వెతుక్కునేవాడి కోసం కాదు. నీ చెయ్యి ఒక్కసారైనా వణికిందా?

నేనడిగింది మాత్రం వేరే. "ఆ పెద్దాయన ఏమైనా అన్నాడా?"

"మంచినీళ్ళడిగాడు."

"మీ దగ్గర లేవా?"

"బ్యాగులో బాటిలుంది. కానీ ఆయన అందర్నీ కలిపి అడిగాడండీ, నన్ననేం అడగలేదు."