బంతి పట్టించి పంపేస్తే పరీక్ష అయినట్టేనా?

నెమ్మదిగా రాసే పిల్లవాడికి బెజవాడ, గుంటూరు ఇంటర్ కాలేజీల్లో దొరికే బిరుదు ‘బద్ధకస్తుడు’. అలాంటి వారిలో కొందరిది డీసీడీ, కదలికల సమన్వయం కుదరని ఎదుగుదల సమస్య. వారిని ఆక్యుపేషనల్ థెరపిస్టుకు, అంటే రోజువారీ పనులు చేసుకోవడంలో తోడ్పడే నిపుణుడికి చూపించడం మొదలైంది, మంచిదే. పేచీ అంతా అక్కడ ఏం చూస్తున్నారన్నదాని మీదే.

కదలికల నేర్పును కొలిచే మూవ్‌మెంట్ ఏబీసీ-2 పరీక్షలో 11-16 ఏళ్లవారికి ఎనిమిది పనులుంటాయి. నట్లు, బోల్టులతో త్రిభుజం బిగించాలి, ఒంటిచేత్తో బంతి పట్టాలి, మడమకు మునివేళ్లు ఆనిస్తూ వెనక్కి నడవాలి... 5వ పర్సంటైల్ లేదా అంతకన్నా కిందికొస్తే, అంటే వందమందిలో అట్టడుగు ఐదుగురిలో ఉంటే, సమస్య ఉన్నట్టు లెక్క. 17 నిండితే ఆ పట్టికే వర్తించదు. మూడు గంటల జవాబు పత్రం మాత్రం ఆ ఎనిమిదింటిలో ఎక్కడా లేదు.

అందుకే రాయించి చూడాలి. ఒకే వాక్యాన్ని రెండు నిమిషాలు అందంగా, మరో రెండు నిమిషాలు వేగంగా రాయించాలి. ఆ తర్వాత పది నిమిషాలు సొంతంగా రాయమనాలి, ప్రతి రెండు నిమిషాలకూ గీత పెట్టాలి. వేగంగా రాయమన్నా వేగం పెరగకపోతే లోపం శ్రద్ధలోనే ఉందనుకోకూడదు. ఆరో నిమిషం నుంచి ఒత్తులు పక్కకు జారుతున్నా, వేళ్లు విదిలిస్తున్నా అలసట అక్కడ మొదలైందన్నమాట. ఇంగ్లిష్ రాతకు బ్రిటన్ పిల్లలపై కట్టిన వేగం పట్టికలతో మన గుణింతాలను కొలవకూడదు. అదే తరగతి పిల్లల రాతతో పోల్చడం మేలు. చొక్కా గుండీలు, అన్నం కలుపుకోవడం, సైకిల్ గురించి ఇంట్లో అడగాలి. ఇంతకుముందు వచ్చిన పనే ఇప్పుడు చేయలేకపోతున్నా, ఒకవైపు బలహీనత కనిపించినా ముందు న్యూరాలజిస్టుకు చూపించాలి.

‘పేరు తగిలిస్తే పిల్లవాడు కుంగిపోతాడు, సాధనతో అదే సర్దుకుంటుంది’ అంటారు కొందరు. ‘బద్ధకస్తుడు’ కూడా పేరే కదా! సాధన అవసరమే. చాలామందికి ఇబ్బంది మాత్రం పెద్దయ్యాకా వదలదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్‌ప్రాక్సియాను (డీసీడీకి వాడుకలో ఉన్న మరో పేరు) ప్రత్యేక అభ్యసన వైకల్యాల కింద పేర్కొంది. అయినా మన దగ్గర పదో తరగతి హాల్‌టికెట్లు వచ్చే ముందే వైకల్య ధ్రువపత్రం గుర్తొస్తుంది. ఏడో తరగతిలోనే చూపించాలి.

అసలు జబ్బు కాలేజీలది. ఆటస్థలం లేని అపార్ట్‌మెంటు భవనంలో, కదలని బెంచీ మీద, పాదాలు నేలకు ఆనకుండా కూర్చోబెట్టి రోజంతా రాయిస్తారు. థెరపిస్టు నివేదికలో బెంచీ ఎత్తు కూడా రాయాలి, దాన్ని ప్రిన్సిపాల్ చేత చదివించాలి.