మిషన్ కాంపౌండ్ గోడ గారికి ఒక విశ్వాసి లేఖ

గోడ గారికి,

గుంటూరు నుంచి వందనాలు. ఆరోగ్యం ఎలా ఉందని అడగను, రోజూ చూస్తూనే ఉన్నాను. నా చిన్నప్పుడు వేపచెట్టు మీకు లోపల ఉండేది. ఇప్పుడు బయట, సెల్‌ఫోన్ షాపు ముందు ఉంది. చెట్టు నడిచి వచ్చిందని మాత్రం ఎవరూ అనడం లేదు.

మీ నెత్తి మీద గాజు పెంకులకు ఇంకా పదును తగ్గలేదు. బంతి కోసం ఎక్కిన పిల్లాడి చెయ్యి తెగాల్సిందే. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ పట్టుకొచ్చిన వాళ్లకైతే మీరే పక్కకు జరిగి దారి ఇస్తారు. బైబిల్లో యెరికో పట్టణం గోడలు పడగొట్టడానికి పాపం ఏడు రోజులు చుట్టూ తిరిగి బూరలు ఊదారు. మీకు పాత తేదీ వేసిన కమిటీ తీర్మానం ఒక్కటి చాలు.

1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చాడు. 1883లో డాక్టర్ కుగ్లర్ దొరసాని వచ్చి ఆడవాళ్లకు వైద్యం చేసింది. ఆ కాలంలో మిషన్ స్థలమంటే బడికి, ఆస్పత్రికి, గుడికి. అమెరికాలో చందాలు వేశారు, ఇక్కడ కూలిజనం వండే ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టారు. ఆ బియ్యం పెట్టినవాళ్ల మనవలు ఇప్పుడు పెళ్లికి లోపల షామియానా వేసుకోవాలంటే ఎవరెవరినో బతిమాలుకోవాలి.

గుడి మాన్యం అమ్మాలంటే 1987 దేవాదాయ చట్టం, అనుమతి, వేలం అని ఒక తతంగం ఉంది. వక్ఫ్‌కు 1995 చట్టం, బోర్డు ఉన్నాయి. అవి ఉండీ ఏం ఒరిగిందంటారా? దేవాదాయ శాఖ కింద ఉన్న అమరావతి సదావర్తి సత్రానికి చెన్నై దగ్గరున్న 83.11 ఎకరాలు 2016 వేలంలో 22.44 కోట్లు పలికాయి. కోర్టు పుణ్యమా అని 2017లో మళ్లీ వేలం వేస్తే పాట 60.30 కోట్లకు పోయింది. ఏడాదిలో ఆ నేలకు అంత మహిమ ఎక్కడి నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

మీకు ఆ పాటి తతంగమూ లేదు. చర్చి ఆస్తులు సొసైటీల పేర, ట్రస్టుల పేర ఉంటాయి. కమిటీ ఎవరి చేతిలో ఉంటే గేటు తాళం వాళ్లది. అందుకే ఎన్నికలొస్తే మావాళ్లు బైబిలు కంటే ఓటర్ల లిస్టే శ్రద్ధగా చదువుతారు.

ఇంతకీ అసలు పని మర్చిపోయాను. మీకు ఆనుకున్న కొట్లో జాకెట్లు కుట్టే మా టైలర్ పెద్ద టెన్షన్‌లో ఉన్నాడు. పాత కమిటీ, కొత్త కమిటీ రెండూ రసీదు పుస్తకాలతో వస్తున్నాయి. రెండు పుస్తకాల మీదా అదే సిలువ, అదే రబ్బరు స్టాంపు, సంతకాలే వేరు. ఇద్దరి దగ్గరా కోర్టు ఆర్డరు జిరాక్సు ఉంది. అద్దె ఎవరికి కట్టమంటారు? ఐదో తారీఖు లోపు చెప్పండి. ఆరో తారీఖున షట్టరుకు చెరో తాళం వేస్తామని ఇద్దరూ చెప్పి వెళ్లారు. లోపల పెళ్లివాళ్ల జాకెట్లున్నాయి.

ఇట్లు,
లోపల బాప్తిస్మం పొంది, బయట అద్దెకుంటున్న
ఒక విశ్వాసి