పిల్లలు చూడాల్సిన విదేశం

ఎండాకాలం సెలవులు దగ్గరపడేసరికి నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో తల్లిదండ్రుల ఫోన్లకు కొన్ని ప్రైవేటు బడుల నుంచి కొత్తరకం సందేశాలు వస్తున్నాయి. నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని సింగపూరుకో మలేషియాకో తీసుకెళ్తాం, అక్కడి సంస్కృతిని దగ్గరుండి చూపిస్తాం అని వాటి సారాంశం. పిల్లలు సముద్రం దాటాలన్న విషయంలో మాకు రెండో మాట లేదు. తొమ్మిది పదేళ్ల వయసులో కొత్త మాట, కొత్త తిండి, కొత్త పద్ధతి ఇట్టే పట్టుబడతాయి. కానీ ఆ యాత్రల వివరాలు చదివితే యూనివర్సల్ స్టూడియోస్ వినోద పార్కు, షాపింగ్ మాల్, రాత్రికి ఇండియన్ రెస్టారెంట్లో భోజనం తప్ప మరేమీ కనిపించదు. ఆ దేశపు పిల్లలతో మనవాళ్లు కలిసి కూర్చునే గంట ఒక్కటీ ఉండదు. విహారయాత్రను విహారయాత్ర అని చెప్పి తీసుకెళ్తే అభ్యంతరం లేదు. దాన్ని చదువు పేరుతో అమ్మడమే తప్పు.

సింగపూరులోనే నేర్చుకోదగ్గవి ఎన్నో ఉన్నాయి. మలయ్, చైనా, తమిళ వంటకాలు ఒకే కప్పు కింద దొరికే హాకర్ సెంటర్ల సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ తిన్న ట్రేని ఎవరికి వారే తీసి అరలో పెట్టడం 2021 నుంచి తప్పనిసరి. మన పిల్లలు రెండు పూటలు అక్కడ తిని, తమ ట్రే తామే తీసిపెడితే అది ఏ బొమ్మల పార్కూ నేర్పని పాఠం.

మా ఓటు మాత్రం మారిషస్‌కు. 1834 నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది భారతీయ కూలీలు చెరకు తోటల్లో పనికని ఆ దీవికి చేరారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. వాళ్లు దిగిన పోర్ట్ లూయిస్ రేవులోని అప్రవాసి ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఓడ దిగి వాళ్లు ఎక్కిన పదహారు రాతి మెట్లు మన పిల్లలూ ఎక్కి చూడాలి. ఇంట్లో అక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడే తెలుగు సంతతి పిల్లలు బడిలో తెలుగు అక్షరాలు దిద్దుతారు. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. ఇంగ్లీషు మీడియంలో పడి తెలుగు వాచకం పక్కన పెట్టేసిన మన పిల్లలకు ఆ పిల్లల పక్కన ఒక వారం బెంచీ మీద కూర్చోవడం ఎంత మేలు చేస్తుందో ఆలోచించండి. వీలు కూడా కుదురుతుంది. అక్కడ విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది కాబట్టి మనకు సెలవులున్న మే నెలలో వాళ్ల బడులు నడుస్తుంటాయి.

వెళ్లేముందు ఇక్కడ చేయించాల్సిన పని ఒకటుంది. 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న పాత రేవు మోటుపల్లికి పిల్లల్ని తీసుకెళ్లాలి. 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం అక్కడుంది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశి వర్తకుల సరుకును ఇకపై రాజు జప్తు చేయడని అందులో మాటిచ్చాడు. పరాయి దేశం నుంచి వచ్చినవాడితో ఎలా నడుచుకోవాలో మన తీరానికి అప్పుడే తెలుసు. పరాయి ఊళ్లో కాలు పెట్టబోయే పిల్లలకు అంతకంటే మంచి తొలి పాఠం ఏముంటుంది?

ఈ రాకపోకలు ఒకవైపే సాగితే చాలదు. అక్కడి పిల్లలూ ఇక్కడికి వచ్చి మన ఇళ్లలో ఉండాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే చేతులు చూడాలి. నెల్లూరు స్వర్ణాల చెరువులో మతం అడగకుండా రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగను, ఆ రోజులు కలిసొస్తే, కళ్లారా చూడాలి.

డబ్బు సంగతి దాటవేయడానికి లేదు. తరగతిలో అందరి ముందూ పేర్లు అడిగితే, ఇవ్వలేని తండ్రి అప్పు చేస్తాడు, లేదా ఆ బిడ్డ తల దించుకుంటుంది. యాత్ర ప్రకటన తల్లిదండ్రులకే వెళ్లాలి, తరగతి గదిలో దాని ఊసే రాకూడదు. యాత్ర నడిపే ప్రతి బడీ స్తోమత లేని కొందరు పిల్లల ఖర్చు తానే భరించాలి. పిల్లలతో వెళ్లే పెద్దల్లో ట్రావెల్ ఏజెంట్ల కన్నా ఆ పిల్లలకు రోజూ పాఠం చెప్పే టీచర్లే ఎక్కువగా ఉండాలి. రాత్రి ఇంటిమీద బెంగతో ఏడిచే పిల్లను ఓదార్చగలిగేది వాళ్లే.

ప్రభుత్వ బడులకు ఇదంతా అందని పండేమీ కాదు. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యాలయం దాకా వెళ్లొచ్చారు. వాళ్లు పెద్ద తరగతులవాళ్లు. ప్రాథమిక బడుల విషయంలో మొదటి అడుగుకు విమానమే అక్కర్లేదు. కొత్తపట్నం తీరంలోని ఒక బడినీ మారిషస్‌లోని ఒక తెలుగు తరగతినీ వారానికో గంట వీడియోలో కలిపితే మొదటి ఏడాదికి చాలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ విద్యాసంవత్సరంలోనే చెరో బడిని ఎంపిక చేసి, మారిషస్‌లోని భారత హైకమిషన్ ద్వారా అక్కడి బడులకు లేఖలు రాయాలని కోరుతున్నాం.