సర్టిఫికెట్ రాని గుద్దులు

మా నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక కుర్రాడు దారి తప్పాడు. తాగుడు కాదు, పేకాట కాదు, క్రికెట్ బెట్టింగ్ కూడా కాదు. అవైతే పెద్దమనుషులం కూర్చుని సర్దేవాళ్ళం. వాడు అమెచ్యూర్ బాక్సింగ్ మానేసి, డబ్బుకి కొట్టుకునే ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు.

అసలు బాక్సింగ్ ఎందుకుందో ఈ తరానికి చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. అది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం ఉంది. జిల్లాలో ఒకణ్ణి కొట్టాలి, రాష్ట్రంలో ఇంకొకణ్ణి కొట్టాలి. నేషనల్స్‌కి వెళ్ళి ఎవరిచేతనైనా కొట్టించుకున్నా ఫర్వాలేదు, పార్టిసిపేషన్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. దాన్ని జెరాక్స్ తీయించి, గెజిటెడ్ సంతకం పెట్టించి, పోలీసులోనో రైల్వేలోనో చేరిన రోజు సాయంత్రమే గ్లౌజులు అటక ఎక్కించాలి. బౌటుకి, అంటే ఒక పోటీకి, 3 రౌండ్లు, రౌండుకి 3 నిమిషాలు. 9 నిమిషాలు ఓర్చుకుంటే రిటైరయ్యేదాకా జీతం! ఇంత లాభం రొయ్యల గుంటల్లో కూడా లేదు.

ప్రొఫెషనల్‌లో ఏముంది? కొత్తలో 4 రౌండ్లు, టైటిల్ దాకా పోతే 12. గెలిస్తే బెల్టు ఇస్తారు. ఆ బెల్టుని ఏ తహశీల్దారు అటెస్ట్ చేస్తాడు? పోనీ ప్రపంచ చాంపియన్ అనిపించుకుందామన్నా పెద్ద సంస్థలే నాలుగున్నాయి, ఒకే బరువులో నలుగురు ప్రపంచ చాంపియన్లు ఉండొచ్చు. (ఒకే పార్టీలో నాలుగు వర్గాలు చూసినవాళ్ళం కాబట్టి ఈ ఒక్క సంగతీ మనకి సులువుగా అర్థమవుతుంది.) పైగా అమెచ్యూర్లో ఎర్రదో నీలందో బనీను వేసుకుని మర్యాదగా కొట్టుకుంటారు. ఇక్కడ మగపిల్లలకి అదీ ఉండదు. ఆ ఫొటో పట్టుకుని సంబంధాలు ఎట్టా మాట్లాడేది?

వాళ్ళమ్మ బాధ చూడలేం. ఏటా రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువులో దిగి, వాడికోసం ఉద్యోగం రొట్టె పట్టుకొస్తోంది. అక్కడ కోరికకో రొట్టె. చదువు రొట్టె దొరుకుతుంది, పెళ్ళి రొట్టె దొరుకుతుంది, సొంతింటి రొట్టె దొరుకుతుంది. బెల్టు రొట్టె ఇచ్చేవాళ్ళు మాత్రం చెరువంతా కలియతిరిగినా లేరు.

నచ్చజెబుదామని పిలిచి కూర్చోబెడితే, "విజేందర్ సింగ్ పోలా అన్నా?" అని నాకే ఎదురు ప్రశ్న వేశాడు. పోయాడు నాయనా, పోయి ఏమయ్యాడు? 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు, హర్యానా పోలీసులో డీఎస్పీ దాకా వచ్చాడు. అక్కడితో ఆగాల్సింది. 2015లో ప్రొఫెషనల్ అయ్యాడు. వరసగా 12 గెలిచి, 2021లో గోవాలో క్యాసినో ఓడ మీద మొదటిసారి ఓడాడు. ఈలోపు 2019లో దక్షిణ ఢిల్లీ నుంచి ఎంపీగా నిలబడి అక్కడా ఓడాడు, 2024లో పార్టీ మారాడు. పార్టీ మారడానికి అంత చుట్టుదారి ఎందుకయ్యా? మన జిల్లాలో ఒక్క గుద్దు తినకుండా మారినవాళ్ళు ఎంతమంది లేరు! నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్‌ని చూసి నేర్చుకోమన్నాను. 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్, 2024లో తెలంగాణ డీఎస్పీ. ఆడపిల్లకున్న ముందుచూపు వీడికి లేకపోయె.

మా బావమరిది ఒంగోలాయన. వాడికి వత్తాసు పలికింది ఆయనొక్కడే. బండలాగుడు పందేలకి గిత్తల్ని తోలే మనిషి. "రెండు పళ్ళ గిత్త ఎప్పటికీ రెండు పళ్ళ విభాగంలోనే లాగుతుందా బావా? వయసొచ్చి పాలపళ్ళు రాలేకొద్దీ, కొత్తవి వచ్చేకొద్దీ పెద్ద బండ లాగాల్సిందే, సీనియర్స్‌కి పోవాల్సిందే" అన్నాడు. బాగుంది. గెలిచిన బుల్లెట్ బండి ఎవరి గుమ్మంలో నిలబడింది? బావమరిది గుమ్మంలో. ఫ్లెక్సీలో మీసం తిప్పింది ఎవరు? బావమరిదే. గిత్త కొమ్ము ఒకటి మాత్రం ఓ మూలన కనపడుతుంది. ప్రొఫెషనల్ బాక్సర్ సంగతీ అంతే. మేనేజరు వాటా, ట్రైనరు వాటా పోయాక మిగిలిందే వాడి చేతికి. ఆ మాటకొస్తే గిత్తే నయం, దాని ఉలవల ఖర్చు యజమానిది. వీడి గుడ్లు, చికెన్, దెబ్బ తగిలితే స్కానింగులు, అన్నీ నాన్న జేబులోంచే.

బావమరిది అంతటితో ఆగితేనా! "మా గిత్తలు బ్రెజిల్ దాకా పోలేదా, అక్కడ వాటిదే రాజ్యం కాదా" అని ఎత్తుకున్నాడు. పోయిన మాట నిజమే. కానీ అక్కడ ఆ జాతిని నెలోర్ అంటారు. కష్టం ఒంగోలు గిత్తది, పేరు నెల్లూరుది. మనకి లాభించే విషయం కాబట్టి దాని మీద నేనేమీ వాదించలేదు.

ఎవరు చెప్పినా వాడు వినలేదు. చెన్నైలో మొదటి ఫైటు ఖాయం చేసుకున్నాడు. చిన్న పోటీల్లో కొత్త బాక్సర్ తన టికెట్లు తనే అమ్ముకోవడం విదేశాల్లో కూడా మామూలేనట, వీడూ ఓ కట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నిన్న మా ఇంటికీ వచ్చాడు. మన ఊరి బిడ్డ, మనం కాకపోతే ఇంకెవరు నిలబడతారని భుజం తట్టి కాఫీ ఇప్పించాను. నాకూ బావమరిదికీ ముందు వరసలో రెండు పాసులు అడిగాను.